చిన్న డీసీ మోటారు వేగాన్ని పీడబ్ల్యూఎంతో అదుపు చేయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

లైన్ ఫాలోవర్ రోబో చేస్తున్న డిప్లొమా, ఇంజనీరింగ్ విద్యార్థులు, మందు కొట్టే బ్యాటరీ స్ప్రేయర్లు బాగు చేసే మెకానిక్కులు, ఇంట్లో సొంతంగా ఏదో ఒకటి తయారుచేసుకునే వాళ్లు దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతారు. వాటిలో కోడ్ గురించినవే ఎక్కువ. కానీ పనిచేయని సర్క్యూట్లు తెచ్చి చూస్తే కోడ్‌లో తప్పు ఉండేది తక్కువ. కరెంటు ఎంత వెళ్తోంది, ఏ దారిన వెళ్తోంది, స్విచ్ ఆగిన క్షణంలో ఎటు మళ్లుతోంది అన్న లెక్క వేసుకోకపోవడం వల్లే మాస్ఫెట్లు (కరెంటును ఆన్, ఆఫ్ చేసే ఎలక్ట్రానిక్ స్విచ్‌లు) కాలుతాయి, బోర్డులు రీసెట్ అవుతాయి. అందుకే ఇక్కడి జవాబుల్లో ఆ లెక్కకే పెద్దపీట వేశాను. ఉదాహరణకు ఒకే మోటారును తీసుకుందాం: 12 వోల్టులది, కాయిల్ రెసిస్టెన్స్ 3 ఓమ్‌లు.

పీడబ్ల్యూఎం అంటే అసలు ఏం జరుగుతుంది?

పూర్తి పేరు పల్స్ విడ్త్ మాడ్యులేషన్. మోటారుకు వెళ్లే సప్లయిని సెకనుకు వందల సార్లో, వేల సార్లో ఆన్, ఆఫ్ చేస్తాం. ఆన్‌లో పూర్తి 12 వోల్టులు, ఆఫ్‌లో ఏమీ ఇవ్వం. మధ్యలో ఇంకేమీ ఉండదు. ఒక్కో ఆవృత్తిలో ఆన్‌లో ఉన్న వంతును డ్యూటీ సైకిల్ అంటారు. 10 మిల్లీ సెకన్లలో 4 మిల్లీ సెకన్లు ఆన్‌లో ఉంటే డ్యూటీ 40 శాతం, సగటున ఇచ్చేది 4.8 వోల్టులు.

మోటారు మాత్రం ఆగి ఆగి తిరగదు. కాయిల్‌కు ఇండక్టెన్స్ ఉంటుంది కాబట్టి అందులో కరెంటు ఒక్కసారిగా పెరగదు, ఒక్కసారిగా పడిపోదు. రోటార్‌కు బరువుంటుంది కాబట్టి వేగం ఇంకా నిదానంగా మారుతుంది. ఈ రెండూ కలిసి పల్సులను సగటు చేసేస్తాయి.

ఇంత తతంగం ఎందుకు? సిరీస్‌లో ఒక రెసిస్టర్ పెట్టి వోల్టేజీ తగ్గిస్తే సరిపోదా?

తిరగడానికైతే తిరుగుతుంది. మన మోటారు 1 ఆంప్ తీసుకుంటున్నప్పుడు 6 వోల్టులు తగ్గించాలంటే 6 ఓమ్‌ల రెసిస్టర్ కావాలి. అందులో 6 వాట్లు వేడిగా పోతాయి. మామూలు పావు వాట్ రెసిస్టర్ అయితే వెంటనే మాడిపోతుంది. పొటెన్షియోమీటర్ పెట్టినా అంతే, లోపలి ట్రాక్ కాలిపోతుంది.

వేడి కంటే పెద్ద ఇబ్బంది మరొకటి ఉంది. మోటారు మీద లోడ్ పెరిగినప్పుడు అది ఎక్కువ కరెంటు అడుగుతుంది. కరెంటు పెరిగిన కొద్దీ రెసిస్టర్ మీద పడే వోల్టేజీ పెరిగి, మోటారుకు మిగిలేది తగ్గుతుంది. అంటే బలం కావాల్సిన సమయంలోనే దాని బలం తగ్గిస్తున్నామన్నమాట. రోబో కార్పెట్ అంచు ఎక్కలేక ఆగిపోతుంది. పీడబ్ల్యూఎంలో స్విచ్‌కు రెసిస్టెన్స్ దాదాపు లేనట్టే కాబట్టి లోడ్ పెరిగితే కావాల్సిన కరెంటు దానికి దొరుకుతుంది.

మోటారును నేరుగా ఆర్డునో పిన్‌కు కలపొచ్చా?

వద్దు. ఆర్డునో అంటే ప్రోగ్రామ్ రాసి నడిపే చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు. దాని ఊనో ఆర్3 మోడల్‌లోని చిప్‌కు ఒక్కో పిన్ మీద దాటకూడని హద్దు 40 మిల్లీ ఆంప్స్, నడపాల్సింది 20 లోపే. రోబో కిట్లలో వచ్చే పసుపు రంగు బీఓ మోటారు ఖాళీగా తిరగడానికే అంతకు చాలా రెట్లు తీసుకుంటుంది. పిన్ పని స్విచ్‌కు ఆజ్ఞ ఇవ్వడం వరకే. కరెంటు మోసేది మాస్ఫెటో, మోటారు కోసం ఇలాంటి స్విచ్‌లను ఒకచోట చేర్చిన మోటార్ డ్రైవర్ చిప్పో.

నా మోటారు ఎంత కరెంటు తీసుకుంటుందో ఎలా తెలుసుకోవాలి?

మోటారు ఆగి ఉన్నప్పుడు మల్టీమీటర్‌తో కాయిల్ రెసిస్టెన్స్ కొలవండి. షాఫ్ట్‌ను కొద్దికొద్దిగా తిప్పుతూ నాలుగైదు చోట్ల కొలిచి అన్నిటికంటే తక్కువ రీడింగ్ తీసుకోండి, ఎందుకంటే బ్రష్‌లు ఒక్కో చోట ఒక్కోలా ఆనుతాయి. సప్లయి వోల్టేజీని ఆ రెసిస్టెన్స్‌తో భాగిస్తే వచ్చేది స్టాల్ కరెంటు, అంటే షాఫ్ట్ తిరగకుండా ఆగి ఉన్నప్పుడు వెళ్లే కరెంటు. మన మోటారుకు 12ను 3తో భాగిస్తే 4 ఆంప్స్.

తిరుగుతున్నప్పుడు ఇంత వెళ్లదు. తిరిగే మోటారు తనే ఒక జనరేటర్‌లా ఎదురు వోల్టేజీ పుట్టిస్తుంది, దాన్ని బ్యాక్ ఈఎంఎఫ్ అంటారు. మన మోటారు 1 ఆంప్‌తో నడుస్తోందంటే 3 వోల్టులు కాయిల్ రెసిస్టెన్స్ మీద ఖర్చయి, మిగతా 9 వోల్టులు బ్యాక్ ఈఎంఎఫ్‌గా నిలబడి ఉన్నాయని అర్థం. కదలడం మొదలయ్యే క్షణంలో మాత్రం బ్యాక్ ఈఎంఎఫ్ సున్నా. కాబట్టి మోటారు స్టార్ట్ అయిన ప్రతిసారీ, చక్రం ఎక్కడైనా ఇరుక్కున్న ప్రతిసారీ ఆ 4 ఆంప్స్ వస్తాయి. డ్రైవర్‌ను కొనేటప్పుడు చూడాల్సింది ఈ స్టాల్ కరెంటునే. నడుస్తున్నప్పటి కరెంటు చూసి కొంటే తొందరగానే కాలిపోతుంది.

ఏ మాస్ఫెట్ కొనాలి? ఐఆర్‌ఎఫ్‌జెడ్44ఎన్ పెట్టాను, బాగా వేడెక్కుతోంది.

కోఠీ గుజరాతీ గల్లీలోనో, ఆన్‌లైన్‌లోనో పవర్ మాస్ఫెట్ అడిగితే తరచుగా చేతికొచ్చేది ఇదే. మంచి మాస్ఫెటే, కానీ దాని రెసిస్టెన్స్‌ను డేటాషీట్‌లో గేట్ (స్విచ్‌కు ఆజ్ఞ అందే కాలు) మీద 10 వోల్టులు ఇచ్చి చెబుతారు. దాని థ్రెషోల్డ్, అంటే తెరుచుకోవడం మొదలయ్యే గేట్ వోల్టేజీ, 2 నుంచి 4 వోల్టుల మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. మీరు ఇస్తున్నది ఆర్డునో నుంచి 5 వోల్టులు. సగం తెరుచుకున్న స్విచ్ రెసిస్టర్‌లా పనిచేసి వేడెక్కుతుంది. ఈఎస్‌పీ32 లాంటి 3.3 వోల్టుల బోర్డుతో అయితే అసలు తెరుచుకోకపోవచ్చు. ఆర్డునో కోసమే అన్నట్టు అమ్మే ఐఆర్‌ఎఫ్520 మాడ్యూల్‌తో ఉన్న ఇబ్బందీ ఇదే.

లాజిక్ లెవెల్ మాస్ఫెట్ అడగండి, అంటే బోర్డు ఇచ్చే తక్కువ వోల్టేజీతోనే పూర్తిగా తెరుచుకునేది. 5 వోల్టుల బోర్డుకు ఐఆర్‌ఎల్‌జెడ్44ఎన్ సరిపోతుంది. పేరులో ఎఫ్ స్థానంలో ఎల్ ఉందో లేదో చూసి తీసుకోండి. 5 వోల్టుల గేట్ దగ్గర దాని రెసిస్టెన్స్ 25 మిల్లీ ఓమ్‌లు. 2 ఆంప్స్ వెళ్తే అందులో పోయేది 0.1 వాట్, హీట్ సింక్ అక్కర్లేదు. 3.3 వోల్టుల బోర్డుకు ఏఓ3400 లాంటిది చూడండి. దాని రెసిస్టెన్స్‌ను 2.5 వోల్టుల గేట్ దగ్గర కూడా హామీ ఇస్తారు.

కనెక్షన్ ఇలా: మోటారు ఒక కొస ప్లస్‌కు, రెండో కొస డ్రెయిన్‌కు (మాస్ఫెట్‌లోకి కరెంటు వచ్చే కాలు). కరెంటు బయటికి వెళ్లే సోర్స్ కాలు గ్రౌండ్‌కు, అంటే బ్యాటరీ మైనస్‌కు. పిన్‌కూ గేట్‌కూ మధ్య 100 నుంచి 220 ఓమ్‌లు. గేట్ నుంచి గ్రౌండ్‌కు 10 కిలో ఓమ్‌లు తప్పకుండా పెట్టండి. బోర్డు బూట్ అయ్యేటప్పుడు పిన్ ఏ స్థితిలోనూ ఉండదు, ఈ రెసిస్టర్ లేకపోతే మోటారు తనంతట తానే తిరగొచ్చు. బోర్డు గ్రౌండ్, మోటారు బ్యాటరీ గ్రౌండ్ కలిపి ఉండాలి. "కోడ్ సరిగ్గానే ఉంది, మోటారు కదలట్లేదు" అన్నప్పుడు నేను మొదట చూసేది ఈ గ్రౌండ్ వైరునే.

డయోడ్ పెట్టకపోయినా నడుస్తోంది కదా, పెట్టాల్సిందేనా?

పెట్టాల్సిందే. మాస్ఫెట్ ఆఫ్ అయిన క్షణంలో కాయిల్‌లో పారుతున్న కరెంటు ఆగనంటుంది. దానికి దారి చూపకపోతే డ్రెయిన్ దగ్గర వోల్టేజీ మాస్ఫెట్ భరించగలిగిన హద్దు వరకు ఎగబాకుతుంది. ఐఆర్‌ఎల్‌జెడ్44ఎన్ హద్దు 55 వోల్టులు. ప్రతి ఆఫ్‌కూ ఈ దెబ్బ తగులుతుంది. ఆర్డునో డిఫాల్ట్‌లో సెకనుకు 490 సార్లు తగిలే దెబ్బను మాస్ఫెట్ కొన్నాళ్లు ఓర్చుకోవచ్చు, బయటికి అంతా బాగున్నట్టే కనిపిస్తుంది.

డయోడ్‌ను మోటారు రెండు కొసల మధ్య, గీత ఉన్న వైపు ప్లస్‌కు వచ్చేలా పెట్టాలి. అప్పుడు ఆఫ్ సమయంలో కరెంటు డయోడ్ గుండా తిరిగి మోటారులోకే వెళ్తుంది. ఆ కరెంటు వృథా కాదు, టార్క్ ఇస్తూనే ఉంటుంది. అందువల్ల డయోడ్ ఉన్న మోటారు సాఫీగా నడుస్తుంది కూడా.

1ఎన్4007 అన్ని షాపుల్లో దొరుకుతుంది, కానీ అది 50 హెర్ట్జ్ రెక్టిఫయర్ కోసం చేసింది, ఆగడంలో నిదానం. కొన్ని వందల హెర్ట్జ్ వరకు పని నడిపిస్తుంది. అంతకు మించితే షాట్కీ డయోడ్ వాడండి: 1 ఆంప్ లోపు మోటారుకు 1ఎన్5819, మన ఉదాహరణ లాంటి మోటారుకు 3 ఆంప్స్ మోసే 1ఎన్5822.

ఫ్రీక్వెన్సీ ఎంత పెట్టాలి?

దీనికి ఒకటే జవాబు లేదు, మోటారును బట్టి ఉంటుంది. కాయిల్ ఇండక్టెన్స్‌ను రెసిస్టెన్స్‌తో భాగిస్తే మోటారు టైమ్ కాన్‌స్టెంట్ వస్తుంది. మన మోటారుకు ఇండక్టెన్స్ 0.6 మిల్లీ హెన్రీ అనుకుంటే అది 0.2 మిల్లీ సెకన్లు. కరెంటు పెరగడానికైనా, తగ్గడానికైనా పట్టే సమయానికి ఇది కొలత.

490 హెర్ట్జ్‌లో ఒక్కో ఆవృత్తి దాదాపు 2 మిల్లీ సెకన్లు, టైమ్ కాన్‌స్టెంట్‌కు పది రెట్లు. తక్కువ డ్యూటీలో ప్రతి పల్సుకూ కరెంటు బాగా పైకెక్కి, ఆఫ్ సమయంలో పూర్తిగా సున్నాకు పడిపోతుంది. టార్క్ తోపులు తోపులుగా వస్తుంది, మోటారు పాడుతుంది. ఒకే సగటు కరెంటుకు కాయిల్ ఎక్కువ వేడెక్కుతుంది కూడా. 20 కిలోహెర్ట్జ్‌లో ఆవృత్తి 50 మైక్రో సెకన్లే. కరెంటు దాదాపు సమంగా పారుతుంది, ఆ శబ్దం మనిషి చెవి వినగలిగే హద్దు దాటిపోతుంది. నిశ్శబ్దం కావాలంటే 20 కిలోహెర్ట్జ్ పైనే వెళ్లాలి.

మరి అందరూ 20 కిలోహెర్ట్జ్ ఎందుకు వాడరు? స్విచ్ మారే ప్రతిసారీ మాస్ఫెట్ కొంతసేపు సగం తెరుచుకుని ఉంటుంది. ఆర్డునో పిన్ నుంచి 220 ఓమ్‌ల మీదుగా ఐఆర్‌ఎల్‌జెడ్44ఎన్ గేట్‌ను నింపడానికి రెండు మూడు మైక్రో సెకన్లు పడుతుంది, ఖాళీ చేయడానికి ఇంకో రెండు మూడు. 490 హెర్ట్జ్‌లో ఇది లెక్కలోకి రాదు. 20 కిలోహెర్ట్జ్‌లో ప్రతి 50 మైక్రో సెకన్లలో ఐదు ఇలాగే పోతాయి, అంటే పదో వంతు సమయం మాస్ఫెట్ వేడిలోనే ఉంటుంది. అంత పైకి వెళ్లాలంటే గేట్ డ్రైవర్ చిప్ గానీ, గేట్ చిన్నగా ఉండే మాస్ఫెట్ గానీ వాడాలి.

తక్కువ ఫ్రీక్వెన్సీకీ ఒక మంచి గుణం ఉంది. పల్సు పొడవుగా ఉన్నప్పుడు కరెంటు దాదాపు స్టాల్ విలువ దాకా ఎక్కుతుంది కాబట్టి, అదే డ్యూటీలో ఆ తోపు గేర్ల పట్టును విడిపిస్తుంది. చౌకరకం బీఓ మోటార్లు అతి తక్కువ వేగంలో 100 హెర్ట్జ్ దగ్గర 20 కిలోహెర్ట్జ్ కంటే బాగా కదులుతాయి. నా అభిప్రాయం ఇది: గేర్ మోటారు రోబోకు ఆర్డునో ఇచ్చే డిఫాల్ట్‌తోనే మొదలుపెట్టండి. శబ్దం భరించలేకపోతేనో, కాయిల్ వేడెక్కితేనో పెంచండి.

ఆర్డునోలో ఫ్రీక్వెన్సీ మార్చడం ఎలా?

ఊనో ఆర్3లో 5, 6 పిన్‌లు 980 హెర్ట్జ్ దరిదాపుల్లో, 3, 9, 10, 11 పిన్‌లు 490 దగ్గర నడుస్తాయి. అనలాగ్‌రైట్ ఆజ్ఞ డ్యూటీని 0 నుంచి 255 వరకు మారుస్తుంది, ఫ్రీక్వెన్సీని ముట్టుకోదు. దాన్ని మార్చాలంటే టైమర్ ప్రీస్కేలర్ (టైమర్‌కు వెళ్లే క్లాక్‌ను భాగించే అంకె) మార్చాలి. 9, 10 పిన్‌లను నడిపే టైమర్1 ప్రీస్కేలర్‌ను 1 చేస్తే 31 కిలోహెర్ట్జ్ పైన వస్తుంది. 5, 6 పిన్‌ల టైమర్0ను కదపకండి. డిలే, మిల్లిస్ అనే సమయపు లెక్కలన్నీ దాని మీదే ఆధారపడి ఉంటాయి, అవన్నీ తప్పుతాయి. సర్వో (చెప్పిన కోణానికి తిరిగే మోటారు) లైబ్రరీ వాడుతుంటే 9, 10 మీద పీడబ్ల్యూఎం పనిచేయదు. "నిన్నటిదాకా పనిచేసిన మోటారు సర్వో కలిపాక ఆగిపోయింది" అనే వాళ్లకు చాలాసార్లు కారణం ఇదే.

ఈఎస్‌పీ32లో ఈ తిప్పలు లేవు. ఫ్రీక్వెన్సీ, రిజల్యూషన్ రెండూ మీరే చెప్పొచ్చు. 20 కిలోహెర్ట్జ్ దగ్గర 11 బిట్‌ల దాకా దొరుకుతుంది.

డ్యూటీ బాగా తగ్గిస్తే మోటారు కూ అంటుంది గానీ తిరగదు. ఎందుకు?

ఆగి ఉన్న గేర్లనూ బ్రష్‌లనూ కదిలించడానికి కనీస టార్క్ ఒకటి కావాలి, అంతకంటే తక్కువ కరెంటు వెళ్తోంది. అలా కూతపెడుతూ వదిలేయకండి, తిరగని మోటారు గాలి తగలక వేడెక్కుతుంది. రెండు పనులు చేయండి. మొదట, మీ మోటారు ఏ అంకె దగ్గర కదులుతుందో చూసి, కోడ్‌లో వేగాన్ని ఆ అంకె నుంచి 255 మధ్యకు మ్యాప్ చేయండి. రెండోది, ఆగి ఉన్న మోటారుకు 30 నుంచి 50 మిల్లీ సెకన్లు పూర్తి డ్యూటీ ఇచ్చి, వెంటనే కావాల్సిన వేగానికి దించండి. తిరుగుతున్న మోటారును తిప్పుతూ ఉంచడానికి తక్కువ కరెంటు చాలు. రెండు మోటార్ల రోబోలో ఈ కనీస అంకె ఒక్కోదానికి ఒక్కోలా ఉంటుంది, విడివిడిగా కొలవండి.

డ్యూటీ 50 శాతం అంటే సగం వేగమేనా?

ఆఫ్ సమయంలో డ్రైవర్ ఏం చేస్తుందన్న దాన్ని బట్టి ఉంటుంది. కరెంటు మోటారులోనే చుట్టూ తిరిగేలా కొసలను కలిపి ఉంచితే వేగం డ్యూటీకి దగ్గరగా నడుస్తుంది. టీబీ6612ఎఫ్‌ఎన్‌జీ అనే డ్రైవర్ చిప్‌లో పీడబ్ల్యూఎం పిన్ తగ్గినప్పుడు జరిగేది అదే. ఎల్298ఎన్ అనే డ్రైవర్‌లో ఎనేబుల్ పిన్ మీద పీడబ్ల్యూఎం ఇస్తే ఆఫ్ సమయంలో ట్రాన్సిస్టర్లన్నీ మూతపడి, కరెంటు డయోడ్ల గుండా సప్లయికి వెనక్కి పోతూ గబుక్కున పడిపోతుంది. లోడ్ తక్కువగా ఉంటే సగం డ్యూటీలోనే వేగం దాదాపు పూర్తిగా ఉండి, కింద ఎక్కడో ఒక్కసారిగా కూలిపోతుంది. వేగం అదుపులోకి రావట్లేదనిపిస్తే డ్రైవర్ మార్చి చూడండి.

ఎల్298ఎన్‌తో నా 6 వోల్టుల మోటారు నీరసంగా ఎందుకు తిరుగుతోంది?

అందులో ఉన్నవి బైపోలార్ ట్రాన్సిస్టర్లు. డేటాషీట్ ప్రకారం 1 ఆంప్ దగ్గర అవి 1.8 నుంచి 3.2 వోల్టుల వరకు తినేస్తాయి, 2 ఆంప్స్ దగ్గర 4.9 వరకు. మీ 6 వోల్టుల్లో మోటారుకు మిగిలేది ఎంతో చూడండి. 12 వోల్టుల మోటారుకు ఫరవాలేదు, చిన్న బీఓ మోటార్లకు మాత్రం ఇది తగినది కాదు. టీబీ6612ఎఫ్‌ఎన్‌జీ రెసిస్టెన్స్ మొత్తం అర ఓమ్ దగ్గర ఉంటుంది, అర ఆంప్‌కు పావు వోల్టే పోతుంది. ఒక్కో చానల్‌కు 1.2 ఆంప్స్ మోస్తుంది. డీఆర్‌వీ8833 కూడా బాగుంటుంది, సప్లయి 10.8 వోల్టులు దాటకూడదు. ఎల్293డీ 600 మిల్లీ ఆంప్స్ వరకే, పైగా అదీ వోల్టేజీ తినేదే.

మోటారును రెండో వైపు తిప్పేటప్పుడు డ్రైవర్ కాలిపోయింది. ఎందుకు?

పూర్తి వేగంలో ఉన్నప్పుడు ఒక్కసారిగా దిశ మార్చి ఉంటారు. అప్పటిదాకా సప్లయికి ఎదురు నిలిచిన 9 వోల్టుల బ్యాక్ ఈఎంఎఫ్ ఇప్పుడు సప్లయితో చేయి కలుపుతుంది. 12కు 9 కలిపి 3తో భాగిస్తే 7 ఆంప్స్, స్టాల్ కరెంటు కంటే కూడా ఎక్కువ. గేర్ల పళ్లకూ ఇది దెబ్బే. డ్యూటీని మెట్లు మెట్లుగా సున్నాకు దించి, మోటారు ఆగాక దిశ మార్చి, మళ్లీ మెట్లు మెట్లుగా పెంచండి.

మోటారు స్టార్ట్ కాగానే బోర్డు రీసెట్ అవుతోంది.

స్టాల్ కరెంటు లాగిన క్షణంలో బ్యాటరీ వోల్టేజీ కుంగి, బోర్డుకు అందాల్సింది అందట్లేదు. ఈఎస్‌పీ32 అయితే సీరియల్ మానిటర్‌లో బ్రౌన్‌అవుట్ (వోల్టేజీ పడిపోయింది) అని చెబుతుంది కూడా. దీర్ఘచతురస్రపు 9 వోల్టుల బ్యాటరీతో మోటార్లు నడపకండి. దాని లోపలి రెసిస్టెన్స్ ఎక్కువ, మోటారు అడిగే కరెంటు అది ఇవ్వలేదు. రెండు 18650 లిథియం సెల్స్ సిరీస్‌లో పెడితే తేడా మీకే తెలుస్తుంది.

డ్రైవర్ సప్లయి కొసల దగ్గర 470 మైక్రో ఫారడ్ ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ పెట్టండి. మోటారు కొసల మీద మాత్రం 104 అని రాసి ఉండే చిన్న సిరామిక్ కెపాసిటర్ చాలు, అది బ్రష్‌ల నిప్పురవ్వల నాయిస్‌ను తగ్గిస్తుంది. నాయిస్ ఇంకా తగ్గుతుందని పెద్ద ఎలక్ట్రోలిటిక్‌ను మోటారు మీదే పెడతారు కొందరు. ప్రతి పల్సుకూ ఆ కెపాసిటర్‌ను నింపాల్సి వచ్చి మాస్ఫెట్ మీద భారం పడుతుంది.

మైక్రోకంట్రోలర్ లేకుండా చేయొచ్చా?

హాయిగా చేయొచ్చు. 1972లో మార్కెట్‌లోకి వచ్చిన 555 టైమర్ ఇప్పటికీ ఈ పనికి సరిపోతుంది. 1 కిలో ఓమ్ రెసిస్టర్, 100 కిలో ఓమ్‌ల పొటెన్షియోమీటర్, రెండు 1ఎన్4148 డయోడ్లు, 10 నానో ఫారడ్ కెపాసిటర్ ఉంటే దాదాపు 1.4 కిలోహెర్ట్జ్ వస్తుంది. డయోడ్లు చార్జింగ్ దారిని, డిశ్చార్జింగ్ దారిని విడగొడతాయి కాబట్టి నాబ్ తిప్పితే డ్యూటీ మాత్రమే మారుతుంది, ఫ్రీక్వెన్సీ దాదాపు అలాగే ఉంటుంది. 555కు 12 వోల్టులు ఇస్తే గేట్‌కు 10 వోల్టులకు పైగా అందుతుంది, అప్పుడు మామూలు ఐఆర్‌ఎఫ్‌జెడ్44ఎన్ కూడా చల్లగా పనిచేస్తుంది.

బ్యాటరీ స్ప్రేయర్‌లో రెగ్యులేటర్ నాబ్ పనిచేయట్లేదు. కొత్తది కొనాలా?

వీపున వేసుకునే 12 వోల్టుల స్ప్రేయర్లలో ఆ నాబ్ వెనక ఉండేది చాలావరకు ఇలాంటి చిన్న పీడబ్ల్యూఎం బోర్డే. నాబ్ ఎలా తిప్పినా పంపు ఫుల్ స్పీడ్‌లోనే ఉందంటే మాస్ఫెట్ షార్ట్ అయి ఉండొచ్చు. అసలు తిరగట్లేదంటే ముందు ఫ్యూజు, స్విచ్, పచ్చగా చిలుము పట్టిన కనెక్టర్లు చూడండి. తర్వాత పంపును నేరుగా బ్యాటరీకి కలిపి చూడండి. తిరిగితే బోర్డు పోయినట్టు, తిరగకపోతే మోటారో ప్రెషర్ స్విచ్చో పోయినట్టు. బోర్డు పోతే దాన్నే మార్చుకోవచ్చు, మొత్తం స్ప్రేయర్ కొనక్కర్లేదు. పంపు మీద రాసి ఉన్న కరెంటుకు కనీసం రెండింతలు మోసే 12 వోల్టుల పీడబ్ల్యూఎం మాడ్యూల్ తీసుకుని, డయోడ్ ఉందో లేదో చూసి, నీరు తగలకుండా బిగించండి.

వేగం మరీ తగ్గిస్తే ప్రెషర్ రాక నాజిల్ నుంచి పొగమంచులా రావాల్సిన మందు చినుకుల్లా కారుతుంది. మందు అలా కారేంత వరకు తగ్గించకండి. ఇంకొక్క మాట: విప్పే ముందు ట్యాంకులో మంచినీళ్లు పోసి పంపును బాగా నడిపి కడగండి, చేతులకు గ్లౌజులు వేసుకోండి. పంపులో మిగిలిన పురుగుమందు చర్మం గుండా ఒంట్లోకి వెళ్తుంది.

ఇదే పద్ధతిలో సీలింగ్ ఫ్యాన్, కంప్యూటర్ ఫ్యాన్, సర్వో నడపొచ్చా?

మామూలు సీలింగ్ ఫ్యాన్ 230 వోల్టుల ఏసీ ఇండక్షన్ మోటారు. దాని దగ్గరికి ఈ సర్క్యూట్ తీసుకెళ్లకండి, ప్రాణాపాయం. బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని డీసీ మోటారు) ఫ్యాన్‌కు సొంత కంట్రోలర్ లోపలే ఉంటుంది. నాలుగు వైర్ల కంప్యూటర్ ఫ్యాన్‌కు సప్లయిని తుంచకూడదు, 12 వోల్టులు ఎప్పుడూ ఇచ్చి, నాలుగో వైరు మీద 25 కిలోహెర్ట్జ్ సిగ్నల్ ఇవ్వాలి. సర్వోకు వచ్చే పల్సు పవర్ కాదు, సమాచారం: 20 మిల్లీ సెకన్లకోసారి 1 నుంచి 2 మిల్లీ సెకన్ల పల్సు దాని కోణాన్ని చెబుతుంది.

లోడ్ మారినా వేగం మారకూడదంటే?

పీడబ్ల్యూఎం ఒక్కటే చాలదు. అది వోల్టేజీ ఇస్తుంది గానీ వేగం ఎంతుందో దానికి తెలియదు. షాఫ్ట్‌కు తిరుగుడును పల్సులుగా చెప్పే ఎన్‌కోడర్ పెట్టి, పల్సులు లెక్కపెట్టి, కావాల్సిన వేగానికీ ఉన్న వేగానికీ తేడాను బట్టి డ్యూటీ సరిచేయాలి. హాల్ సెన్సర్ ఎన్‌కోడర్‌తో వచ్చే ఎన్20 మోటార్లు దీనికి అనువుగా ఉంటాయి. ఇలా సరిదిద్దే పద్ధతిని పీఐడీ అంటారు. దాన్ని మొత్తం ఒకేసారి పెట్టకుండా ముందు పీ (ఇప్పటి తేడాను బట్టి సరిచేసే భాగం), తర్వాత ఐ (పేరుకున్న తేడాను బట్టి సరిచేసే భాగం) పెట్టి చూడండి. చిన్న రోబోకు చాలావరకు ఆ రెండూ చాలు.

మల్టీమీటర్‌తో డ్యూటీ సరిగ్గా ఉందో లేదో చూడొచ్చా?

చూడొచ్చు. డీసీ రేంజ్‌లో మీటర్ సగటు వోల్టేజీ చూపిస్తుంది. మీటర్ కొసలు మోటారు మీదే పెట్టండి. డ్రెయిన్‌కూ గ్రౌండ్‌కూ మధ్య పెడితే డ్యూటీ పెరిగిన కొద్దీ రీడింగ్ తగ్గుతూ కనిపిస్తుంది, మాస్ఫెట్ తలకిందులుగా పనిచేస్తోందని కంగారు పడతారు. ఇంకో సంగతి, ఆఫ్ సమయంలో కాయిల్ కరెంటు సున్నాకు పడిపోతే అక్కడ కనిపించేది బ్యాక్ ఈఎంఎఫ్. అందువల్ల ఖాళీగా తిరిగే మోటారు మీద రీడింగ్ లెక్క కంటే ఎక్కువ వస్తుంది. పిన్ నుంచి వస్తున్న డ్యూటీ మాత్రమే కావాలంటే మోటారు తీగ విప్పి, ఆర్డునో పిన్‌కూ గ్రౌండ్‌కూ మధ్య కొలవండి: 5 వోల్టుల్లో 2 చూపిస్తే డ్యూటీ 40 శాతం.